దున్నకు ఏ తుపాకి? మొఘల్‌పురాలో ఒక మాట కోసం వెతుకులాట

ఈ బ్లాగులో ఇంతవరకు నేను రాసినవన్నీ రైలెక్కి వెళ్లిన ఊళ్ల గురించే. ఈసారి వెళ్లింది శాలిబండలోని మా ఇంటి నుంచి మొఘల్‌పురాకు, అక్కడి నుంచి పురానాపూల్‌కు. అంతే దూరం. అయినా ఇంత భయపడుతూ నేను ఎక్కడికీ వెళ్లలేదు. దానికి కారణం ఒక అడవిదున్న. అమెరికా గడ్డి మైదానాల్లో అనుమతి తీసుకుని బైసన్ అనే అడవిదున్నను వేటాడే ఒక ముసలి వేటగాడి మీద తీసిన డాక్యుమెంటరీకి తెలుగు మాటలు రాసే పని నాకు వచ్చింది. మన దేశంలో అడవిదున్నను వేటాడటం నేరం. అది మొదటే చెప్పేస్తున్నాను. ఆ సినిమాలో కూడా తుపాకి పేలేది చివర్లో ఒక్కసారే. మిగతాదంతా అంతకుముందు జరిగే ఆలోచన. ఏ తుపాకి తీసుకోవాలి, ఎంత దగ్గరికి వెళ్లాలి, ఎప్పుడు కాల్చకూడదు. మొదటి భాగానికి నా మాటలు నచ్చితే తర్వాతి భాగాలన్నీ నేనే రాయవచ్చు. పుస్తకాలు చదవడం తప్ప ఇంకేమీ చేతకాదని చుట్టాలందరూ అనుకునే నాకు అది చిన్న విషయం కాదు.

ఒకే ఒక్క వాక్యం దగ్గర పని ఆగిపోయింది. వేటగాడు గడ్డిలో పడుకుని ఒక పెద్ద మగదున్నను గురిలో పెట్టుకుంటాడు. అప్పుడే దాని పొట్ట కింద నుంచి, వెనకాల గడ్డిలో ఒక దూడ కాళ్లు కనిపిస్తాయి. అతను తుపాకి దించి, పెదవులు కదిలీ కదలనట్టుగా ఒక మాట అంటాడు. ఇలా కాల్చడం న్యాయం కాదని దాని అర్థం. నేను 'ఇది నైతికం కాదు' అని రాశాను. డబ్బింగ్ దర్శకుడు ప్రభాకర్ సార్ ఫోన్‌లోనే నవ్వారు. "గడ్డిల పండుకున్న ముసలాయన జడ్జి లెక్క మాట్లాడుతుండేందమ్మా? రేపు సాయంత్రం రికార్డింగ్ ఉంది. పెదవులకు సరిపోయే మాట పట్టుకొని రా. దొరకలేదంటే ఈ పని మన పాత రైటర్‌కిస్త, ఏమనుకోకు. ఇంకోటి, నువ్వే మైకు ముందు చదివి చూపియ్యాలె" అన్నారు. నలుగురి ముందు పైకి చదవడం నాకు ఎప్పుడూ కష్టమే. కాన్వెంట్‌లో ఉదయం ప్రార్థన చదవమని సిస్టర్లు నా పేరు పిలిచిన రోజున నాకు నిజంగానే జ్వరం వచ్చేది.

తుపాకుల గురించి నేను చదివినదంతా ఇంగ్లిష్‌లో ఉంది. వాటితో పని చేసేవాళ్లు మన ఊళ్లో మన మాటల్లో ఎలా మాట్లాడుకుంటారో వినాలనిపించింది. ఆ సంగతి మా బాపుతో చెప్పాను. ఆయన శాలిబండలోని ఒక గుడిలో నైవేద్యం వండుతాడు. మాది ఉల్లిపాయ కూడా వాడని ఇల్లు. "ఇంట్ల ఉల్లిగడ్డ కొయ్యం, నువ్వు దున్నని కొడ్తనంటున్నవ్" అని కాసేపు నవ్వి, "మొఘల్‌పురాల లతీఫ్ భాయ్ అని ఉన్నడు. తుపాకులు బాగుచేస్తడు. మన గుడి తాళం సుత ఆయనే బాగుచేసిండు. నా బిడ్డనని చెప్పు, ఏం ఫికర్ లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున పదింటికి బయలుదేరాను. శాలిబండలో చార్మినార్ వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కి, మొఘల్‌పురాకు తిరిగే మలుపు దగ్గర దిగితే ఇరవై రూపాయలు. ఎండ లేకపోతే నడిచినా సరిపోతుంది. మలుపు తిరిగాక లోపలి గల్లీలో ఒక వెల్డింగ్ షాపుకూ ఒక దర్జీ దుకాణానికీ మధ్య లతీఫ్ చాచా దుకాణం ఉంది. లైసెన్సు కాగితం అద్దంలో పెట్టి గోడకు వేలాడదీసి ఉంటుంది, పేరు బోర్డు మాత్రం చిన్నది. నేను నేరుగా లోపలికి వెళ్లలేదు. ఆ వరసలోనే నాలుగు అడుగుల అవతల ఉన్న ఇరానీ హోటల్‌లో కూర్చుని చాయ్ తాగాను. తర్వాత ఇంకొకటి, ఆపైన మూడోది. కౌంటర్ మీద ఉన్నాయన చివరికి అడిగేశాడు. "మేడమ్, మూడో చాయ్ ఇది. ఎవరి కోసం సూస్తున్నరు?"

"తుపాకుల దుకాణం ఎప్పుడు తెరుస్తరు?"

"తెరిచే ఉంది గదా. మీరు మొదటి చాయ్ తాగినప్పటి సంది తెరిచే ఉంది."

ఇక తప్పించుకోవడానికి దారి లేక లేచాను.

లతీఫ్ చాచాకు డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, ముక్కు చివర కళ్లద్దాలు. తల ఎత్తకుండానే "లైసెన్స్ ఉందా?" అన్నాడు. లేదన్నాను. కొనడానికి రాలేదని, అడగడానికి వచ్చానని చెప్పాను. పోలీసువా, పత్రికా అని అడిగాడు. రెండూ కాదన్నాను. బాపు పేరు చెప్పగానే ముఖం వెలిగిపోయింది. "అరె, తాళం బాపు బిడ్డవా! కూసో, కూసో. ఏం అడుగుతవో అడుగు."

"అడవిదున్నను కొట్టాలంటే ఏ తుపాకి మంచిది చాచా?"

ఆయన చేతిలోని ఆకురాయి ఆగిపోయింది. నన్ను కళ్లద్దాల మీదుగా చూసి, గొంతు తగ్గించి, "గుళ్లె ఏమైంది బిడ్డా?" అన్నాడు.

సంగతంతా చెప్పేసరికి కొంతసేపు పట్టింది. విన్నాక ఆయనకు హుషారు వచ్చింది. వేటను నిషేధించే చట్టం రాకముందు ఆయన తాత ఒక జాగీర్దారు వెంట షికారుకు వెళ్లి తుపాకి మోసేవాడట. అందుకని దున్న సంగతి తనకు పుట్టుకతోనే తెలుసన్నాడు. "దున్నకు పెద్దదే గావాలె. ఏనుగును కొట్టేటి డబుల్ బ్యారెల్. దాని కన్నా చిన్నది పట్టుకపోతే నవ్వుతరు."

సినిమాలో అలా లేదు. అందులోని వేటగాడు బల్ల మీద రెండు రైఫిళ్లు పెట్టుకుని ఆలోచిస్తాడు. ఒకటి త్రీ సెవెంటీ ఫైవ్, ఆఫ్రికాలో పెద్ద జంతువులకు వాడేది. రెండోది థర్టీ నాట్ సిక్స్, ఏళ్లుగా అతని చేతికి అలవాటైనది. పెద్ద రైఫిల్ తప్పని అతను అనడు. దాన్ని బాగా కాల్చగలిగినవాడికి అదే మేలంటాడు. తను మాత్రం రెండోది తీసుకుంటాడు. దానికి బరువైన, ఎముక తగిలినా చిట్లిపోని గట్టి గుండ్లు ఎంచుకుంటాడు. దూరం నుంచి కాల్చనని తనకు తాను షరతు పెట్టుకుంటాడు. ఆ సంగతి చెప్పాను.

"థర్టీ నాట్ సిక్సా? దున్నకా? దున్న దాన్ని జేబుల ఏస్కొని పోతది!"

నేను సాధారణంగా అక్కడితో ఊరుకుంటాను. కానీ ఆ పేరా రాయడానికి చాలా చదివాను. అది నాది. "దగ్గరికి పోయి కొడ్తడు చాచా. చేతగానోడు పెద్ద తుపాకి పట్టుకుంటే అది భుజాన్ని గుద్దుతది. ఆ భయానికి పేల్చకముందే కండ్లు మూసుకుంటడు. గుండు ఏడనో పోతది. దున్న సావదు, ఆ గాయంతోని తిరిగి తిరిగి పడిపోతది. మంచిగ కొట్టగలిగే తుపాకే మంచి తుపాకి."

"నువ్వెన్నడన్న పేల్చినవా?"

"లే."

"పట్టుకున్నవా?"

"లే. చదివిన."

ఆయన పక్క దుకాణం వైపు తిరిగి అరిచాడు. "ఓ రహీం భాయ్, సునో! తుపాకి పట్టలేదట, చదివిందట!" కుట్టుమిషన్ ఆగింది. గోడ అవతల నుంచి దర్జీ నవ్వు వినబడింది. నా చెవులు వేడెక్కాయి. అయినా అక్కడే కూర్చుని ఇంకో ప్రశ్న అడిగాను. "మీ తాత జాగీర్దారు వెంట పోయేటోడన్నరు గదా. ఆయన పెద్ద తుపాకితోనే దున్నల్ని కొట్టేటోడా?"

"కొట్టేటోడు... అంటే..." చాచా గడ్డం గోక్కున్నాడు. "సాబ్ ఘోడా, గదే పేల్చే మీట, దాని మీద ఏలు పెట్టంగనే కండ్లు మూసుకునేటోడంట. ధన్ అని మోత. గుండు చెట్టుకు. దున్న మీదికొస్తుంటే మా తాత పక్కకెళ్లి కొట్టేటోడు. పేరు మాత్రం సాబ్‌ది."

"మీ తాత ఏ తుపాకితోని కొట్టేటోడు?"

చాచా పెద్దగా నవ్వాడు. "చిన్నదే! గెలిచినవ్ పో!" అని మళ్లీ గోడవైపు తిరిగి, "రహీం భాయ్, చదివిన పోరి గెలిచింది!" అని కేకేసి ఆయనే నాకు నాలుగో చాయ్ తెప్పించాడు. ఇన్నేళ్లలో నేను ఒక వాదనలో గెలవడం అదే మొదటిసారి. అదీ తుపాకుల దుకాణంలో.

మిగతా విషయాల్లో ఆయనకూ సినిమాకూ తేడా రాలేదు. దున్నకు మూపురం ఎత్తుగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు మధ్యకు గురిపెట్టామనుకుని పైకి కాలుస్తారట. గుండె ఉండేది బాగా కింద, ముందు కాలి పక్కన. తల మీద కాల్చకూడదు, ఎముక మందం. పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగాలి. మందలో ఉంటే, విడిగా వచ్చేదాకా ఇంకా ఆగాలి. "ఆగనీకి రానోడు ఇంట్ల కూసోవాలె" అన్నాడు చాచా. అన్నీ దొరుకుతున్నాయి కాని నాకు కావలసిన ఆ ఒక్క మాట మాత్రం రావడం లేదు. మధ్యాహ్నం నమాజు నుంచి ఆయన తిరిగి వచ్చేసరికి రెండు దాటింది. సాయంత్రం ఐదుకు నేను పురానాపూల్‌లో ఉండాలి. చివరికి సిగ్గు విడిచి, ఆ వేటగాడు చేసినట్టు ఒకసారి చేసి చూపించమని అడిగాను.

నిజమైన తుపాకిని ఆయన నా ముందు ముట్టుకోలేదు. అవన్నీ లైసెన్సుదారులవి, లోపల తాళం వేసి ఉన్నాయి. బల్ల మీద కొత్తగా చెక్కిన ఒక కుందా ఉంది. తుపాకిలో భుజానికి ఆనే చెక్క భాగాన్ని కుందా అంటారు. దానికి ఇనుప గొట్టం కూడా లేదు. దాన్ని తీసుకుని గుమ్మంలో మోకాలి మీద కూర్చున్నాడు. ఎదురుగా మాంసం దుకాణం ముందు ఒక మేకపోతు కట్టేసి ఉంది. దాని వెనక అరుగు మీద ఆకుకూరల గంపతో ఒకామె కూర్చుంది. పేరు బాలమ్మ అని తర్వాత తెలిసింది.

"ఇగో, మేకపోతే దున్న అనుకో. మక్ఖీ మీద కన్ను పెట్టిన."

నేను వంగి మేక చుట్టూ చూశాను. "ఈగ ఏడుంది చాచా?"

"యా అల్లా! మక్ఖీ అంటే ఈగ గాదు బిడ్డా. గొట్టం కొసకు చిన్న గుబ్బ ఉంటది, గురి చూసేది. చదివినవ్ గదా!" అని మళ్లీ చెంప చెక్కకు ఆనించాడు. ఒక కన్ను మూశాడు. ఊపిరి బిగబట్టాడు. ఆ క్షణంలో నిజంగానే అదొక తుపాకి అనిపించింది. అంతలోనే కుందా దించేశాడు.

"కొట్టలేదేంది?"

"బాలమ్మకు తగుల్తది."

"చాచా, దానికి గొట్టమే లేదు."

"లేకున్నా! గుండు మేకలకెళ్లి అవుతలికి పోతది. ఎనక మనిషుంది. తగుల్తది."

తన పేరు వినగానే బాలమ్మ గంప మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "ఏందయ్యో, నా దిక్కు కట్టె చూపెడ్తున్నవ్?"

"నీ దిక్కు గాదమ్మా, మేక దిక్కు."

"పొద్దుగాల సంది పాలకూర అమ్ముడువోక నేను మొత్తుకుంటుంటే నీకు ఆటలా? నన్ను కొట్టి సూడు, నా ఉసురు తగుల్తది నీకు!"

"అందుకే దించిన గదనే తల్లీ! ఎందుకొచ్చిన లొల్లి!"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చాచా అన్నదీ బాలమ్మ అన్నదీ ఒకే మాట. గుండు వెనకున్నవాళ్లకు తగులుతుంది. ఉసురు కొట్టినవాడికి తగులుతుంది. ఒకే ఒక్క క్రియ అటు దూడనూ ఇటు వేటగాడినీ పట్టుకుంటోంది. నైతికం అనే మాట చెయ్యలేని పని ఇది చేస్తోంది. 'త' అనేటప్పుడు పెదవులు కొద్దిగా తెరుచుకుంటాయి, చివరిదాకా ఎక్కడా మూసుకోవు. తెరమీద ఆ ముసలాయన నోరు కదిలేది సరిగ్గా అంతే.

"దొరికింది చాచా!"

"ఏంది దొరికింది?"

"మీరన్న మాటే."

"నేనేమన్న?"

"నన్ను కొట్టనన్నడు, ఇంకేం గావాలె!" అంది బాలమ్మ. ఆమె దగ్గర రెండు కట్టలు పాలకూర తీసుకుని ఆటో కోసం పరిగెత్తాను.

మొఘల్‌పురా నుంచి పురానాపూల్‌కు ఆటోవాళ్లు నూటయాభై అడుగుతారు. నూట ఇరవైకి వస్తారు. నేను బేరం చేయలేదు. హుస్సేనీ ఆలం మీదుగా వెళితే దగ్గర, కాని సాయంత్రం నాలుగు దాటితే ఆ దారిలో బండ్లు కదలవు. మీరు వెళ్లేటప్పుడు అరగంట ఎక్కువే ఉంచుకోండి. ఆ ఇరుకులో బస్సుకూ తోపుడుబండికీ మధ్య ఆటో దూరుతుంటే, నేను కళ్లు మూసుకుని వేటగాడి గొంతులో అభ్యాసం చేస్తున్నాను. "తగులుతుంది... తగులుతుంది..."

"తగలదు మేడమ్!" అన్నాడు డ్రైవర్ చిరాగ్గా. "నా పుట్టుకంతా ఈ గల్లీలల్లనే నడుపుతున్న. ఇప్పటిదాక గీత పడలే. జర మీరు సప్పుడు జెయ్యకుంటే సాలు."

స్టూడియో పురానాపూల్ దగ్గర ఒక పాత ఇంటి మేడ మీద ఉంది. గోడలకు దుప్పట్లు కొట్టిన గది, ఒక మైకు, ఒక తెర. ప్రభాకర్ సార్ చూపు తలుపు మీదే ఉంది. ముసలి వేటగాడికి గొంతు ఇచ్చే శంకరన్న కూడా వచ్చాడు. పగలు బస్ డిపోలో ఉద్యోగం, సాయంత్రం డబ్బింగ్. "మొత్తం చదువు, మొదటి నుంచి" అన్నారు సార్. మొదటి రెండు వాక్యాలు నాకే వినపడలేదు. మూడోది తుపాకి ఎంపిక గురించి. అక్కడికి వచ్చేసరికి చాచాతో వాదించినప్పటి గొంతు దానంతట అదే వచ్చింది: 'పెద్ద తుపాకి వేటగాడి భయాన్ని కూడా పెద్దది చేస్తుంది. ఇతను తన చేతికి తెలిసిన తుపాకి తీసుకున్నాడు. మిగిలిన దూరం తన కాళ్లతో నడుస్తాడు.' శంకరన్న తల ఊపాడు. నేను ఆగలేదు.

దూడ కాళ్లు కనిపించే దృశ్యం వచ్చింది. వేటగాడు తుపాకి దించాడు. నేను అన్నాను, "తగులుతుంది."

ప్రభాకర్ సార్ చెయ్యెత్తి తెర ఆపేశారు. "ఎవరికి?"

"సార్?"

"ఎవరికి తగులుతుంది? చూసేటోళ్లు అడుగరా? 'దూడకు తగులుతుంది' అని రాయి. క్లియర్‌గ ఉంటది."

ఆయన పెద్దవారు, ఈ పనిలో తల పండినవారు. ఒప్పుకుంటే పని నాకే వస్తుందని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. సరే సార్ అనడం నాకు బాగా అలవాటైన పని. "వద్దు సార్" అన్నాను. "దూడకు అంటే గుండు ఒక్కటే తగుల్తది. ఏమీ అనకుంటే ఇంకోటి కూడ తగుల్తది."

"ఇంకోటేంది?"

నేను జవాబు చెప్పేలోపే శంకరన్న మైకు ముందుకు వచ్చాడు. "సార్, ఒక్కపారి నన్ను అననియ్యుండ్రి. రెండు తీర్లు అంట, మీరే వినుండ్రి." మొదట 'దూడకు తగులుతుంది' అన్నాడు. పెదవులు ఆగిపోయాక కూడా మాట మిగిలిపోయింది. రెండోసారి, తుపాకి దించుతూ, తనలో తను అనుకున్నట్టుగా, "తగులుతుంది" అన్నాడు. పెదవులూ మాటా ఒక్కసారే ఆగాయి. తెర మీది మనిషి తెలుగువాడైపోయాడు. శంకరన్న చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, "ఉసురు గద సార్" అన్నాడు మెల్లగా. "మా అమ్మ గిట్లనే అంటుండె."

ప్రభాకర్ సార్ ఆ ముక్కను మళ్లీ వేయించుకున్నారు. మళ్లీ వేయించుకున్నారు. మూడోసారి అయ్యాక నా వైపు తిరిగి, "తర్వాతి భాగంల తోడేళ్లున్నయ్. ఎప్పటికల్ల ఇస్తవ్?" అన్నారు. పాత రైటర్ ఊసే ఎత్తలేదు. నేను సోమవారం అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది.

వేట మంచిదని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. సినిమా చివర్లో ఆ ముసలాయన విడిగా నిలబడ్డ ఒక ముసలి దున్నను ఒకే గుండుతో కొడతాడు. అది పడిపోయాక చాలాసేపు దాని దగ్గర కూర్చుంటాడు. ఆ దృశ్యం నాకు చూడబుద్ధి కాదు. కానీ అతను కాల్చని ఆ మొదటి క్షణాన్ని మాత్రం నేను గౌరవిస్తాను. ఆ క్షణానికి మన భాషలో మాట ఉందా అని నేను పుస్తకాల్లో వెతికాను. అది ఒక మేకపోతుకు ముందు ఒకరు, వెనక ఒకరు కూర్చుని పోట్లాడుకుంటుంటే దొరికింది. దాన్ని గుర్తుపట్టింది మాత్రం నేను. ఇంకో మాట పెట్టమన్నా పెట్టకుండా నిలబెట్టిందీ నేనే. ఆ సాయంత్రం పురానాపూల్ వంతెన మీద నడుస్తూ ఆ మాటను పైకి, అందరికీ వినపడేలా అన్నాను. ఒకరిద్దరు తిరిగి చూశారు. చూడనిమ్మని ఇంకోసారి అన్నాను.

మీరు కూడా ఇలాంటి దుకాణానికి వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. శుక్రవారం వద్దు, మిగతా రోజుల్లో పదకొండు లోపల, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని వెళ్లండి. గుమ్మం దాటగానే, కొనడానికి రాలేదని, అడగడానికి వచ్చానని చెప్పేయండి. ఆ తర్వాత కుర్చీ వాళ్లే వేస్తారు.